పెంటకుప్ప నుంచి పాలచెంబు దాకా

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



సుబ్బారావు గారిని తలుచుకునేటప్పుడు మనం ముందుగా ఆయన హార్వర్డ్‌లో చేసిన పనే చెప్పుకుంటాం. 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి, ఆ తర్వాత కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. పైగా ఫోలిక్ ఆమ్లం, కాన్సర్ మందులు. ఒక్కోటీ ఒక్కో ఉపన్యాసానికి సరిపడే విషయం. నేను మాత్రం ఆయన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో వచ్చిన రెండు మందుల దగ్గర మొదలుపెడతాను. మొదటిది 1947 నాటి హెట్రజాన్, బోదకాలు మందు. బోదకాలు బాగా ఉన్న గోదావరి ప్రాంతంలో, భీమవరంలో పుట్టిన మనిషి కళ్ళముందు ఆ మందు తయారైంది. రెండోది 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్. డెబ్భై దాటిన వయసులో లెడర్లీలో చేరిన బెంజమిన్ డగ్గర్, మిస్సోరీ నుంచి తెచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకుని దాన్నుంచి తీసిన మందు అది. టెట్రాసైక్లిన్లు అనే కుటుంబానికి అదే పెద్దబిడ్డ. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు న్యూయార్క్‌లో కన్నుమూశారు.

హెట్రజాన్ దోమ మోసుకొచ్చే జబ్బుకు మందు. ఆరియోమైసిన్‌కూ ఈగకూ ఉన్న సంబంధం అంత సులువుగా కంటికి కనబడదు. అది కనబడే చోటు ప్రయోగశాల కాదు, మన గొడ్లచావిడి వెనక ఉన్న పెంటకుప్ప. ఈ ఉపన్యాసమంతా అక్కడికి వెళ్ళడానికే.

పురుగులు జబ్బులు మోస్తాయని రుజువు చేయడంలో పశువుల వాటా పెద్దది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. అంతకు నాలుగేళ్ళ ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు, టెక్సాస్ జ్వరమనే పశువుల జబ్బును పిడుదులు అంటిస్తాయని నిరూపించారు. దోమలోనూ పిడుదులోనూ ఆ పరాన్నజీవి కొంతకాలం పెరగాలి, మారాలి. అది దాని బతుకులో ఒక అంకం. ఇంటి ఈగ సంగతి వేరు. దాని మీద ఏ ఒక్క జబ్బూ పూర్తిగా ఆధారపడలేదు. టైఫాయిడ్ నీళ్ళతోనూ వస్తుంది, పొదుగువాపు చేతులతోనూ వస్తుంది. ఈగను తీసేసినా జబ్బుకు ఇంకో దారి ఉంటుంది. అందుకే శాస్త్రం ఈగను చాలాకాలం అనుమానితుల వరుసలో నిలబెట్టి ఉంచిందే తప్ప, దాని మీద గట్టిగా దృష్టి పెట్టలేదు. ఈ అలక్ష్యానికి మూల్యం పాడి రైతు చెల్లించాడని నా నమ్మకం.

అనుమానం పాతదే. 1898లో అమెరికా, స్పెయిన్ యుద్ధం నాటి సైనిక శిబిరాల్లో టైఫాయిడ్ వేలమందిని పట్టుకుంది. విచారణకు వెళ్ళిన వైద్య బృందంలో వాల్టర్ రీడ్, వాన్ అనే వైద్యులు ఉన్నారు. మరుగుదొడ్ల గుంటల్లో సున్నం చల్లితే, ఆ సున్నం కాళ్ళకంటిన ఈగలు వంటశాలలో అన్నం మీద తిరగడం అక్కడ కళ్ళారా చూశారు. దానికి మించిన సాక్ష్యం ఏం కావాలి? పదేళ్ళ తర్వాత, 1908లో, కనెక్టికట్ రాష్ట్రంలోని స్టోర్స్ వ్యవసాయ కేంద్రంలో ఎస్టెన్, మేసన్ అనేవారు పాలల్లోకి సూక్ష్మక్రిములు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో వెతుకుతూ 414 ఈగలను పరీక్షించారు. ఒక ఈగ మీద 550 క్రిములే ఉంటే మరో దాని మీద 66 లక్షలు. సగటున ఒక్కో ఈగకు పన్నెండున్నర లక్షలు. ఆ లెక్క తీసింది పాల కోసమని గుర్తుంచుకోండి. పాడి శాస్త్రానికి ఈగ గురించి నూరేళ్ళ కిందటే తెలుసు.

అయితే కాళ్ళకూ వెంట్రుకలకూ అంటుకున్న మురికి ఈ కథలో చిన్న భాగమే. ఈగ నమలలేదు, కొరకలేదు. దాని నోటి చివర మెత్తటి దిండులాంటి భాగం ఉంటుంది. దాని నిండా సన్నటి కాలువలు. గట్టి పదార్థం మీద వాలితే ముందు ఉమ్ముతుంది, కడుపులో దాచుకున్న ద్రవాన్ని బయటికి కక్కుతుంది, అది కరిగాక పీలుస్తుంది. పేడలో తిన్నది సంచిలో దాచుకుని, వచ్చి పాలచెంబు అంచు మీద కక్కుతుంది. అక్కడే రెట్ట వేస్తుంది. పాకలో కరెంటు బల్బు తీగ మీద, గాడి కట్టె మీద కనబడే నల్లటి, పసుపు పచ్చటి చుక్కలన్నీ అవే. దులిపినా పోని ఆ చుక్కల్లో ఎన్ని వేల క్రిములు ఎండిపోయి ఉంటాయో ఊహించుకోండి.

1999లో జపాన్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకేశారు. ఇ.కోలై ఓ157 అనే క్రిమి ఆవు పేగులో హాయిగా, ఆవుకు ఏ హానీ చేయకుండా ఉంటుంది. మనిషిలో చేరితే రక్తవిరేచనాలు, పిల్లల్లో మూత్రపిండాలు దెబ్బతినడం. ఈ క్రిమిని ఈగలకు తినిపించి చూస్తే, నోటి దిండులోని సన్నటి సందుల్లో అది పిల్లలు పెట్టి పెరిగింది. తిన్న తర్వాత కనీసం మూడు రోజుల పాటు రెట్టలో బయటికి వస్తూనే ఉంది. అంటే ఈగ ఉత్త మోతగత్తె కాదు, కొంతసేపు ఆశ్రయం ఇచ్చే ఇల్లు కూడా. 2007లో కాన్సస్ రాష్ట్రంలో టి.జి. నాగరాజ, లుడెక్ జూరెక్ బృందం ఆ క్రిమి తిన్న ఈగలను దూడలున్న గదుల్లోకి వదిలింది. ప్రయోగంలో ఉన్న ఎనిమిది దూడల పేడలోనూ సరిగ్గా అదే క్రిమి తేలింది. ఆ బృందంలోని జూరెక్ అంతకుముందు పశువుల మేత తొట్ల దగ్గర పట్టిన ఈగల్లో నూటికి రెండు మూడింటిలో ఓ157ను చూసి ఉన్నారు. శాతం చిన్నదే. కానీ కొట్టంలో ఎన్ని ఈగలు తిరుగుతాయో తెలిసిన రైతుకు ఆ శాతం చిన్నదిగా అనిపించదు.

మన ఇళ్ళలో పాలు కాచి తాగుతాం. ఇది మనకు పెద్ద రక్ష, దీన్ని వదులుకోవద్దు. పచ్చిపాలు ఆరోగ్యమని ఈమధ్య పట్టణాల్లో వినబడుతున్న మాటను నేను గట్టిగా ఖండిస్తాను. కానీ కాచిన పాలను తోడుపెట్టాక, మూత తీసిన పెరుగు గిన్నె మీద వాలే ఈగకు పాలు కాచారో లేదో అక్కర్లేదు. ఈగ మామూలుగా తిరిగే దూరం ఒకటి నుంచి మూడు కిలోమీటర్లు. ఆ వలయంలో బడి వంటగది ఉంటుంది, మిఠాయి దుకాణం ఉంటుంది, ఉయ్యాలలో పసిబిడ్డ ఉంటుంది.

ఇక్కడ విద్యార్థులకు ఒక జాగ్రత్త చెప్పాలి. ఈగ మీద క్రిమి దొరికినంత మాత్రాన ఆ ఈగే జబ్బు అంటించిందని కాదు. పరీక్షగొట్టంలో ఈగను వేసి కలిపితే ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. పొదుగువాపు తీసుకోండి. పాలిచ్చే గేదెకు పొదుగువాపు ఎక్కువగా వచ్చేది పాలు పితికే చేతుల వల్ల, అన్నిటికీ ఒకే గుడ్డతో పొదుగు తుడవడం వల్ల, పాలు తీయగానే చన్నురంధ్రం మూసుకోకముందే పశువు బురదలో పడుకోవడం వల్ల. ఈ మూడూ సరిచేయకుండా ఈగ మీద నింద వేస్తే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

కానీ పడ్డ సంగతేమిటి? ఇంకా ఈనని పడ్డ, పెయ్య. ఎవరూ దాని పొదుగు ముట్టలేదు, చెయ్యి తగల్లేదు, గుడ్డ తగల్లేదు. తొలిచూలు ఈనేనాటికి ఒక చన్ను గట్టిపడి, అందులోంచి చీము వస్తుంది, లేదా ఏమీ రాదు. ఇంట్లోవాళ్ళు దిష్టి అంటారు, లేదా పుట్టుకతో వచ్చిన లోపమంటారు. రెండేళ్ళు మేపి పెంచిన పశువు ధర ఆ పూటే తగ్గిపోతుంది. సంతలో బేరగాడు ముందు చూసేది నాలుగు చన్నులూ సమంగా ఉన్నాయా అనే కదా! ఈ ప్రశ్న అమెరికాలో లూసియానా రాష్ట్రపు పరిశోధకులను కూడా వేధించింది. వాళ్ళ పెయ్యల చన్నుల చివర్లలో చిన్న చిన్న పక్కులు కనిపించాయి. అవి హేమటోబియా అనే చిన్న కుట్టే ఈగలు చేసిన గాయాలు. పశువు ఒంటి మీదే రోజంతా ఉండి, రక్తం తాగి, పేడ వేసిన క్షణంలో దిగి అందులో గుడ్లు పెట్టి మళ్ళీ ఎక్కే ఈగ అది. మన దేశంలో దాని దగ్గరి చుట్టం గేదెల్ని పట్టుకుని ఉంటుంది. ఆ పక్కుల్లో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే పొదుగువాపు క్రిమి ఉంది. ఆ క్రిమి అంటిన ఈగలు పెయ్యలకు జబ్బు అంటించగలవని 1998లో ప్రయోగం చేసి చూపించారు. ఈగల్ని అదుపు చేసిన మందల్లో పెయ్యల పొదుగువాపు తక్కువగా ఉందనీ తేలింది. అంటే క్రిమి దొరకడం, అది అంటడం, ఈగను తీసేస్తే జబ్బు తగ్గడం, మూడూ కుదిరాయి. అనుమానం రుజువుగా మారేది అప్పుడే.

ఉత్తర ఐరోపాలో దీనికి ఇంకో రూపం ఉంది. డెన్మార్క్, నెదర్లాండ్స్, బ్రిటన్లలో ఎండాకాలం మేతకు వదిలిన పెయ్యలకూ వట్టిపోయిన ఆవులకూ దుర్వాసన వేసే చీముతో పొదుగువాపు వస్తుంది. హైడ్రోటియా అనే ఈగ చన్నుల మీద ముసరడమే దీనికి ప్రధాన కారణమని అక్కడివాళ్ళు అనుకుంటారు. తోటలున్న, గాలి ఆడని మైదానాల్లో ఆ ఈగ ఎక్కువ. బ్రిటన్ రైతులు చన్నులకు తారు పూసేవారు. ఆ పూత వాసనకు ఈగ వాలదు. పెద్ద ప్రయోగశాలలేమీ లేకుండా రైతులే కనిపెట్టిన ఉపాయం అది, నిజానికి దగ్గరగా ఉన్న ఉపాయం.

కుట్టే ఈగల్లో స్టోమాక్సిస్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. చూడటానికి ఇంటి ఈగలాగే ఉంటుంది. మూతి మాత్రం సూదిలా ముందుకు పొడుచుకుని ఉంటుంది. పశువుల ముందుకాళ్ళ మీద వాలి కుడుతుంది. ఉదయం పాకలో పశువులు ఊరికే కాళ్ళు నేలకేసి కొడుతుంటే, తల వెనక్కి విసురుతుంటే, అది పొగరు కాదు, నొప్పి. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం ఈ ఒక్క ఈగ వల్ల ఆ దేశంలో ఒక్కో పాడి ఆవు ఏడాదికి సగటున 139 కిలోల పాలు కోల్పోతోంది. ఆ దేశపు మొత్తం పశు పరిశ్రమకు ఏటా 220 కోట్ల డాలర్ల నష్టం. ఇందులో క్రిముల వల్ల వచ్చే జబ్బుల లెక్క లేదు. ఉత్త కుట్టడం వల్లనే ఇంత.

కుట్టగానే పశువు తోక విసురుతుంది, ఈగ లేచి పక్క పశువు మీద వాలి అక్కడ మిగతా రక్తం తాగుతుంది. మూతికి అంటిన తడి ఆరకముందే రెండో పశువు ఒంట్లో దిగుతుంది. ముద్దచర్మ వ్యాధి ఇలా కూడా పాకుతుంది. 1929లో ఇప్పటి జాంబియాలో మొదట గుర్తించిన ఆ జబ్బు 2019లో ఒడిశాలో మన దేశంలో అడుగుపెట్టి, 2022లో రాజస్థాన్, గుజరాత్‌లను ముంచెత్తి, లక్షకు పైగా పశువుల్ని చంపింది. స్టోమాక్సిస్, జోరీగలు ఆ వైరస్‌ను ఒక పశువు నుంచి మరో పశువుకు మోయగలవని బెల్జియంలో ప్రయోగాలు తేల్చాయి. సర్రా జబ్బుకు కారణమైన ట్రిపనోసోమా క్రిమిని 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ గుర్తించాడు. అదీ జోరీగల దారినే. ఎద్దుల మూపు మీద నెలల తరబడి మానని పుండు చూసే ఉంటారు. అందులో ఉన్నది సన్నటి ఫైలేరియా జాతి పురుగు, దాన్ని మోసేది పుండ్ల మీద ముసిరే ఒక రకం ఈగ. సుబ్బారావు గారి బృందం మనుషుల ఫైలేరియాకు మందు వెతుకుతున్న కాలంలో మన ఎద్దులు మూపు మీద దాని దాయాదిని మోస్తున్నాయి.

ఇప్పుడు ఆరియోమైసిన్ దగ్గరికి వస్తాను. మనుషుల కోసం తీసిన ఆ మందు చాలా త్వరగా పశువుల దగ్గరికి వెళ్ళింది. లెడర్లీలోనే స్టాక్‌స్టాడ్, జ్యూక్స్ అనే శాస్త్రవేత్తలు ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి మామూలు కన్నా వేగంగా పెరగడం చూశారు. 1951 నాటికి అమెరికాలో దాణాలో యాంటీబయోటిక్స్ కలపడానికి అనుమతి వచ్చింది. పొదుగువాపుకు చన్నులోకి ఎక్కించే మలాంగా కూడా వచ్చింది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి నుంచి పెరుగుదల కోసం ఏ యాంటీబయోటిక్‌నూ దాణాలో కలపకూడదని నిషేధించింది. మన దేశం 2019లో కోలిస్టిన్ అనే ఆఖరి వరుస మందును పశువులకు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఈ మధ్య కాలమంతా ఆ మందులు ఎక్కడికి పోయాయి? నోటి ద్వారా ఇచ్చిన టెట్రాసైక్లిన్లలో పెద్ద భాగం మారకుండానే పేడలోకి, మూత్రంలోకి వచ్చేస్తుంది. పొదుగువాపుకు మందు వేసిన గేదె పాలు కేంద్రానికి పోయకూడదు కనుక కొందరు దూడకు తాగిస్తారు, కొందరు పెంటలో పారబోస్తారు. రెండు దారుల్లోనూ అవి చేరేది పెంటకుప్పకే.

ఆ కుప్పలో కోటానుకోట్ల క్రిములు ఆ మందు మధ్య పెరుగుతాయి, దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయి. అక్కడికి ఈగ వస్తుంది. తట్టుకునే క్రిమినీ తట్టుకోలేని క్రిమినీ ఒకే పేగులో నింపుకుంటుంది. ఒక క్రిమి నుంచి మరో క్రిమికి మందును ఎదిరించే జన్యువు ఈగ పేగులో చేతులు మారుతుందని 2006లో ఇ.కోలై మీద చేసిన ప్రయోగంలో చూశారు. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. సుబ్బారావు గారు, డగ్గర్ గారు పిల్లల ప్రాణాల కోసం తీసిన మందుకు విరుగుడు మన పాక వెనక తయారై, ఈగ కడుపులో పడి, మన వంటింట్లోకి వస్తోంది. ఆసుపత్రిలో మందు పనిచేయడం లేదని డాక్టరు చెప్పినప్పుడు మనకు పెంటకుప్ప గుర్తుకు రాదు. గుర్తుకు రావాలి.

1948కి ఇంకో విశేషం ఉంది. డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు నోబెల్ బహుమతి వచ్చిన ఏడు అది. అప్పటికే రెండేళ్ళ ముందు, 1946లో, స్వీడన్ నుంచి డీడీటీకి చావని ఈగల కబురు వచ్చింది. 1949లో అమెరికా వ్యవసాయ శాఖ, పాలల్లో మందు కనబడుతోందని, పాడి పాకల్లో డీడీటీ చల్లమని చెప్పడం మానేసింది. ఒకే కాలంలో వచ్చిన రెండు అద్భుత రసాయనాలు, ఒకటి ఈగకు, ఒకటి క్రిమికి. రెండింటి పదునూ పెంటకుప్ప దగ్గరే మొద్దుబారింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఈగల మందుకూ అదే గతి పట్టింది. కొత్త మందు వస్తుంది, రెండు మూడేళ్ళు పనిచేస్తుంది, మళ్ళీ ఇంకోటి కావాలి. ఈగలు పెరిగే చోటు అలాగే ఉంచి ఎగిరే ఈగల మీద మందు చల్లడం వల్ల మిగిలేది పాలల్లో ఆ మందు అవశేషం, రైతు చేతిలో ఖాళీ డబ్బా.

ఎండాకాలంలో ఇంటి ఈగ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా పట్టేది ఏడు నుంచి పది రోజులు. ఒక విడతకు నూరు నుంచి నూటయాభై గుడ్లు పెడుతుంది, అలా ఎన్నో విడతలు. గుడ్డు ఒక్క రోజులోనే పగులుతుంది, పురుగు నాలుగైదు రోజులు తింటుంది, తర్వాత గట్టి గోధుమరంగు కోశంలోకి పోతుంది. మనకు దొరికే సందు ఆ ఏడు రోజులే. వారానికి రెండుసార్లు పేడ, తడిసిన గడ్డి కదిలిస్తే, ఎండబెడితే, వేడెక్కేలా కుప్ప వేస్తే, పురుగు రెక్కలు రాకముందే చస్తుంది. పేడ పిడకలుగా కొట్టి గోడకు ఆరబెట్టే ఊళ్ళలో ఆ పేడలోంచి ఈగ పుట్టే అవకాశం తక్కువ. పిడకల ఆచారం పోయి, పేడ ఊరికే కుప్పగా మిగిలిపోయిన చోటే ఈగల ఉధృతి ఎక్కువ. పిడకలను మళ్ళీ పొయ్యిలోకి తేవాలని నేను అనను, పొగ ఆడవాళ్ళ ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. బయోగ్యాస్ తొట్టిలో గాలి ఉండదు కనుక అక్కడ ఈగ పురుగు బతకదు. ఆ పేడను అక్కడికి మళ్ళించడమే న్యాయం.

నేను చూసిన చాలా పాకల్లో పెద్ద కుప్ప కంటే ప్రమాదకరమైన చోట్లు చిన్నవి. గాడి కింద పడి కుళ్ళిన మేత. కుడితి తొట్టి చుట్టూ కారిన నీళ్ళలో నానిన వరిగడ్డి. కుప్ప అంచుల్లో పల్చగా పరుచుకున్న తడి. అన్నిటికీ మించి దూడలు కట్టే మూల. పాలు తాగే దూడల పేడ, మూత్రం, మెత్తటి గడ్డి కలిసిన పరుపు ఈగకు, ముఖ్యంగా స్టోమాక్సిస్‌కు, ఇష్టమైన చోటు. అమెరికాలో దూడల గుడిసెల్లో గడ్డి బదులు రంపపు పొట్టు, ఇసుక, కంకర పరిచి చూస్తే ఈగ పురుగులు బాగా తగ్గాయి. మన దగ్గర దూడ మూలను ఎవరూ పట్టించుకోరు, అది పాలివ్వదు కదా అని. అది రేపటి పడ్డ.

పెంటలో మనకు సాయం చేసేవాళ్ళు కూడా ఉన్నారు. స్పలాంజియా అనే చీమంత కందిరీగ ఈగ కోశానికి రంధ్రం చేసి లోపల తన గుడ్డు పెడుతుంది. కోశంలోంచి ఈగకు బదులు కందిరీగ వస్తుంది. కుప్ప మీద ఈగల మందు చల్లితే ముందు చచ్చేది అదే, తర్వాత ఈగలు మరింత స్వేచ్ఛగా పెరుగుతాయి. పేడపురుగుల సంగతి ఇంకా పెద్దది. ఆస్ట్రేలియాలో కంగారూల పేడకు అలవాటుపడిన పేడపురుగులు ఆవుపేడను ముట్టలేదు, పేడ గడ్డల్లోంచి ఈగలు మేఘాల్లా లేచేవి. జార్జ్ బోర్నెమిస్సా అనే హంగేరీ శాస్త్రవేత్త పట్టుబట్టి 1960లలో వేరే ఖండాల నుంచి పేడపురుగుల్ని తెప్పించాడు. మనకు ఆ అవసరం లేదు, మన చేలల్లో అవి అనాదిగా ఉన్నాయి. కానీ పశువులకు పురుగుల మందుగా ఐవర్‌మెక్టిన్ వేస్తే అది పేడలోకి వచ్చి వాటి పిల్లల్ని చంపుతుంది. అవసరం చూసి వేయండి, అలవాటుగా వేయకండి అని పశువైద్య విద్యార్థులను వేడుకుంటున్నాను.

వేపాకు పొగ సాయంత్రం పశువుకు కాసేపు ఊరటనిస్తుంది. అది ఈగల సంఖ్య తగ్గించదు, అయినా వేయాలి, ఆ పశువుకూ ఊరట కావాలి. పెద్ద ఫ్యాన్ గాలికి ఈగలు వాలలేవు, వేడి కూడా తగ్గుతుంది కనుక పాలు తీసే చోట అది మంచి పెట్టుబడి. జిగురు కాగితాలు, సీసా ఉచ్చులు ఈగలు ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పడానికి పనికొస్తాయి, అంతకంటే ఎక్కువ ఆశించవద్దు.

నా మనసులో ఉన్న అసలు మాట ఇప్పుడు చెబుతాను. వారానికి రెండుసార్లు పేడ కదిలించమని వేదిక మీద నిలబడి చెప్పడం సులువు. ఆ పని ఎవరు చేస్తారు? మన పల్లెల్లో ఎక్కువగా ఆడవాళ్ళే, పాలు పితికాక, వంట చేశాక, పొలానికి పోయేముందు. నడుం వంచి తట్ట ఎత్తి తలమీద పెట్టుకుని కుప్పదాకా మోసేది ఆమె. పాలడబ్బు లెక్కలో ఆ మోత ఎక్కడా లేదు. పట్టణం అంచున ఉన్న పాకల్లో కష్టం ఇంకో రకం. పాతిక ముప్ఫై గేదెలు, చుట్టూ ఇళ్ళు, పేడ వేయడానికి సెంటు భూమి లేదు. ఆ రైతును పట్టుకుని ఈగలు పెంచుతున్నావని దండించడం నా దృష్టిలో అన్యాయం. పేడను కొని తీసుకుపోయే ఏర్పాటు, దగ్గర్లో ఉమ్మడి బయోగ్యాస్ తొట్టి, దొర్లించే చక్రాల బండి, నీళ్ళు నిలవని గచ్చు, ఇవి ఆరోగ్య శాఖ ఖర్చుగా చూడాల్సినవి, పశుసంవర్ధక శాఖ ఒక్కదాని ఖర్చు కాదు. పాల కేంద్రంలో వెన్నశాతానికి ధర కడతాం. పేడ శుభ్రంగా తీసిన పాకకు లీటరుకు కొంత అదనంగా ఎందుకు ఇవ్వకూడదు? పొదుగువాపు తగ్గితే, మందు వేసిన పాలు పారబోయడం తగ్గితే, ఆ సొమ్ము తిరిగి వస్తుందని నా లెక్క. ఆ లెక్క సరైనదని నేను నమ్ముతున్నాను, కానీ నమ్మకం చాలదు.

అందుకే సభలో ఉన్న విద్యార్థులను ఒక పని అడుగుతున్నాను. ఒకే మండలంలో, ఒకేలాంటి గేదెలున్న పాకలను రెండు గుంపులు చేయండి. ఒక గుంపులో వేసవి మొదలు నుంచి వానాకాలం ముగిసేదాకా దూడ మూల, గాడి కింద, కుప్ప అంచులు వారానికి రెండుసార్లు శుభ్రం చేయించండి, ఆ కూలి డబ్బు ప్రాజెక్టు నుంచే ఇవ్వండి. రెండో గుంపు రైతులతో మాట్లాడి, మరుసటి ఏడు వాళ్ళకూ అదే చేస్తామని ఒప్పందం చేసుకోండి. జిగురు కాగితాల మీద ఈగల్ని లెక్కపెట్టండి. చూలు పడ్డల చన్నుల చివరలను నెలకోసారి చూసి, పక్కులుంటే రాయండి, అవి ఈనాక తొలిపాలు పరీక్షించండి. ఏ పాకలో ఎన్ని యాంటీబయోటిక్ గొట్టాలు కొన్నారో మందుల దుకాణం బిల్లుతో సహా రాసుకోండి. ఈగల పేగులోంచి తీసిన ఇ.కోలై టెట్రాసైక్లిన్‌ను తట్టుకుంటుందో లేదో చూడటానికి మీ కళాశాలలో ఉన్న పళ్ళేలూ మందు బిళ్ళలూ చాలు. నా వయసు ఇప్పుడు పాకల వెంట తిరగనివ్వదు. కానీ ప్రశ్నావళి రాయడానికి, రైతులతో మొదటి మాట మాట్లాడడానికి నేను వస్తాను. వచ్చే మార్చిలో ఎండలు ముదరకముందే మొదలుపెట్టాలి.